మార్కాపురంలో ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా? ఊళ్లో ఉన్న ఒక్క చార్జర్‌నీ నమ్మలేకపోతున్నా

పలకల ఊరి మాస్టారు:

అందరికీ నమస్కారం. ఉండేది మార్కాపురం, పని టీచరు ఉద్యోగం. బడి తర్లుపాడు దాటి బాగా లోపల. రానూ పోనూ రోజుకి 60 కిలోమీటర్లు. పాత పెట్రోల్ కారుతో జీతంలో పెద్ద భాగం బంకుకే పోతోంది. అందుకే టియాగో ఈవీ, 24 యూనిట్ల బ్యాటరీ ఉన్నది, సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను.

ఇక్కడ చార్జింగ్ సంగతే తేలడం లేదు. ఊరి బయట ఒక బంకులో ఫాస్ట్ చార్జర్ ఉంది. యాప్‌లో చూస్తే ఎప్పుడూ ఆకుపచ్చగా 'అవైలబుల్' అని ఉంటుంది. కారు కొనకముందే ఒకసారి చూద్దామని వెళ్తే స్క్రీన్ నల్లగా ఉంది. బంకు కుర్రాడిని అడిగితే "అది కంపెనీవాళ్లది సార్, మాకు తెలీదు" అన్నాడు. మళ్లీ ఓ ఆదివారం వెళ్తే స్క్రీన్ వెలుగుతోంది గానీ దాని ముందు ట్రాక్టర్ ట్రక్కు అడ్డంగా నిలబెట్టి ఉంది. డ్రైవరు భోజనానికి వెళ్లాడట.

మేం ఉండేది అద్దె ఇల్లు, పై పోర్షన్. కింద ఓనరు గారు ఉంటారు. కారు కాంపౌండ్ లోపలే పెట్టుకోవచ్చు. నెలకి ఒకసారైనా ఒంగోలు వెళ్లాలి, మా మామగారి ఊరు. ఏడాదికి ఒకటి రెండుసార్లు శ్రీశైలం. "దోర్నాల దాటాక ఘాట్‌లో చార్జింగ్ అయిపోతే పిల్లల్ని పెట్టుకుని పులుల మధ్య కూర్చుంటామా" అని మా ఆవిడ ఒకటే టెన్షన్. ఈ చుట్టుపక్కల ఈవీ వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. షోరూమ్ మాటలు చాలా విన్నాను.

మందుల బ్యాగు:

మాస్టారూ, నాది కంభం. మెడికల్ రెప్‌ని. పాత నెక్సాన్ ఈవీ, 30.2 యూనిట్లది నడుపుతున్నాను. గిద్దలూరు, మార్కాపురం, పొదిలి, వినుకొండ, ఒంగోలు, నా తిరుగుడంతా ఈ రోడ్ల మీదే. ఆ బంకు చార్జర్ సంగతి తర్వాత చెప్తాను, ముందు దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఊళ్లో చార్జర్ ఒక్కటే ఉంటే అసలు లేదనుకునే కారు కొనాలి. అలా అనుకున్నా మీకు పనికొస్తుందనుకుంటే కొనండి, లేకపోతే వద్దు.

మీ బడి లెక్క చూద్దాం. ఆ కారు కాగితం మీద ఎంత చెప్పినా ఏసీ వేసుకుని మన రోడ్ల మీద నడిపితే ఫుల్ చార్జింగ్‌కి 170, 180 కిలోమీటర్లు అనుకోండి. అంటే యూనిట్‌కి ఏడు, ఏడున్నర. 60 కిలోమీటర్లకి 8 యూనిట్లు ఖర్చు. కారుతో వచ్చే మామూలు చార్జింగ్ కేబుల్ 15 ఆంప్స్ ప్లగ్గు నుంచి గంటకి 3 యూనిట్లు లాగుతుంది. రాత్రి మీరు అన్నం తిని పడుకుంటే అర్ధరాత్రి దాటేసరికి పొద్దున వాడిందంతా నిండిపోతుంది. బడికి వెళ్లి రావడానికి బయట చార్జర్‌తో పనే లేదు.

కరెంటు బిల్లు గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. నెలకి 25 రోజులు వేసుకుంటే 200 యూనిట్లు కొత్తగా కలుస్తాయి. ఇప్పుడు మీ ఇంట్లో 150 వస్తోందనుకుంటే మొత్తం 350 అవుతుంది. ఆంధ్రాలో ఇంటి కనెక్షన్‌కి 225 దాటాక యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. అంటే కారు తాగే కరెంటులో ఎక్కువ భాగం ఖరీదైన స్లాబులోనే పడుతుంది. అయినా 1,550 దగ్గర తేలిపోతుంది, సర్దుబాటు చార్జీలు అదనం. అదే 1,500 కిలోమీటర్లకి మీ పెట్రోల్ కారు లీటరుకి 18 ఇచ్చినా 80 లీటర్ల పైమాటే. లీటరు 110 చొప్పున గుణించుకోండి, నేను చెప్పక్కర్లేదు.

ఇక అసలు సమస్య ఎర్తింగ్. మార్కాపురంలో చార్జర్లు లేవని అందరూ ఏడుస్తారు గానీ, సగం ఇళ్లల్లో ఎర్తింగ్ సరిగ్గా లేదని ఎవరూ అనరు. పాత ఇళ్లల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, మూడో రంధ్రంలోకి వైరే ఉండదు. ఫ్యాను, టీవీ దాన్ని పట్టించుకోవు కాబట్టి ఇన్నాళ్లూ తెలియదు. కారు పట్టించుకుంటుంది. కేబుల్ బాక్స్ మీద ఎర్ర లైటు వెలిగి, చార్జింగ్ మొదలవదు. కొత్తగా కొన్నవాళ్లు కారు పాడైందని సర్వీస్ సెంటర్‌కి ఫోన్లు చేస్తుంటారు. మీ ఊరిది పలకరాయి నేల, గుంత తవ్వితే మట్టి కంటే రాయే ఎక్కువ తగులుతుంది. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతే నిన్నటిదాకా ఎక్కిన చార్జింగ్ ఇవాళ ఎక్కదు. రెండు బకెట్ల నీళ్లు పోస్తే మళ్లీ ఎక్కుతుంది. నమ్మకపోతే మే నెలలో చూసుకోండి.

ఇక ఆ బంకు చార్జర్. ఆ యాప్ చూపించేది చార్జర్ చివరిసారి సర్వర్‌తో మాట్లాడినప్పటి కబురు, అంతే. అందులోని సిమ్ కార్డుకి సిగ్నల్ లేకపోయినా, రాత్రి బంకువాళ్లు మెయిన్ దించేసినా కొన్ని యాప్‌లలో ఆకుపచ్చ అలాగే ఉంటుంది. ఇంకో మాట. చార్జర్ పక్కన ఎర్రటి పెద్ద ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది. ఎవరో పిల్లాడు సరదాగా నొక్కి పోతాడు. అది నొక్కి ఉంటే ఏ కారుకీ చార్జింగ్ ఎక్కదు. దాన్ని బాణం గుర్తు వైపు తిప్పితే టక్కున బయటికొస్తుంది. పాడైందని వదిలేసిన చార్జర్లు ఇలా తిప్పితే పనిచేయడం నేను చూశాను. మీరు ఈసారి వెళ్లినప్పుడు ముందు ఆ బటన్ చూడండి.

దారిలో చార్జర్ మీద ఆధారపడాల్సి వస్తే నేను మ్యాప్‌లో గుర్తులు చూడను. ప్లగ్‌షేర్ అనే యాప్‌లో ఆ చార్జర్ కింద వాడినవాళ్లు రాసిన కామెంట్లు చూస్తాను. గత వారంలో ఎవరైనా "ఎక్కింది" అని రాస్తే సరే. కామెంటు ఆరు నెలల నాటిదైతే ఆ చార్జర్ లేనట్టే. బంకు నంబరు దొరికితే ఫోన్ చేసి "చార్జర్ పనిచేస్తోందా" అని అడగను, "స్క్రీన్ వెలుగుతోందా, వెళ్లి చూసి చెప్పు తమ్ముడూ" అంటాను. మొదటి ప్రశ్నకి అందరూ అవుననే అంటారు. అలాగే ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. రాత్రి 9 గంటలకి చార్జర్ ముందు నిలబడి, సిగ్నల్ లేకుండా ఓటీపీ కోసం చూడటం కంటే నరకం లేదు. రెండు మూడు యాప్‌లలో ఇంటి దగ్గరే డబ్బులు వేసి పెట్టుకోండి.

ఇంకొకటి, 60 కిలోవాట్లు అని బోర్డు చూసి మురిసిపోవద్దు. చాలా వాటికి రెండు గన్నులు (కారుకి తగిలించే ప్లగ్గులు), రెండు కార్లు పెడితే చెరి సగం. పైగా టియాగో 10 నుంచి 80 శాతానికి దాదాపు గంట తీసుకుంటుంది, చార్జర్ ఎంత పెద్దదైనా సరే. మీకు 30 కిలోవాట్లది చాలు. బయట యూనిట్ 20 రూపాయలు అటూ ఇటూ, దాని మీద 18 శాతం జీఎస్టీ. 80 దాటాక నెమ్మదిస్తుంది, అక్కడితో తీసేసి బయల్దేరండి.

ఒంగోలు దాదాపు 95 కిలోమీటర్లు. నిండుగా బయల్దేరితే పొదిలి, చీమకుర్తి మీదుగా ఒంగోలు చేరేసరికి ఇంకా 40 శాతం పైన ఉంటుంది. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక నిదానంగా పోతే ఇంకాస్త మిగులుతుంది కూడా. ఒంగోలు 16వ నంబరు హైవే మీద ఉంది, అక్కడ ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. అసలు మీ మామగారింట్లో కింది అంతస్తులో ఏసీ పాయింటు ఉంటే అదీ అక్కర్లేదు. అల్లుడికి ఆ మాత్రం కరెంటు పోయరా?

ఘాట్ రోడ్డు:

పై అన్న చెప్పినదాంట్లో మిగతాది సరే, శ్రీశైలం గురించి నేను చెప్తా. నాది యర్రగొండపాలెం వైపు, ఘాట్ ఎక్కడం దిగడం మాకు అలవాటే. ఘాట్‌లో బ్యాటరీ మొత్తం అయిపోతుందని అందరూ భయపెడతారు. లెక్క వేసి చూడండి. కారు, నలుగురు మనుషులు, సామాను కలిపి టన్నున్నర అనుకుంటే, 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి మామూలు ఖర్చు మీద అదనంగా పట్టేది అర యూనిట్ లోపు. మూడు వందల మీటర్లు ఎక్కినా యూనిట్ లేదా యూనిట్న్నర. దిగేటప్పుడు బ్రేకు బదులు మోటారే ఆపుతుంది కాబట్టి అందులో కొంత వెనక్కి వస్తుంది. పెట్రోల్ కారుకి ఆ వెసులుబాటు లేదు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. మార్కాపురం నుంచి శ్రీశైలం 80 కిలోమీటర్ల పైన. రానూ పోనూ 165 అనుకున్నా, మీ 180తో అది అంచు మీద నడవడమే. పిల్లలు ఏసీ అంటారు, మధ్యలో శిఖరం దగ్గర ఆగుతారు. అందుకని శ్రీశైలంలో రాత్రి ఉండేలా ప్లాన్ చేసుకుని, గది తీసుకునేటప్పుడే సత్రంవాళ్లతో "కారుకి 15 ఆంప్స్ పాయింటు ఇస్తారా, యూనిట్ల లెక్కన డబ్బులిస్తాం" అని మాట్లాడుకోండి. శివరాత్రికి మాత్రం ఈ మాట ఎత్తకండి. అప్పుడు మనిషి నిలబడటానికే చోటుండదు, కారుకి ప్లగ్గు ఎవరిస్తారు.

ఇంకో సంగతి, దోర్నాల నుంచి పైకి టైగర్ రిజర్వ్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు గేటు వేస్తారు. మధ్యాహ్నం ఎక్కడో చార్జింగ్ కోసం రెండు గంటలు ఆలస్యం చేసి, గేటు దగ్గరికి తొమ్మిదిన్నరకి చేరితే ఇక రాత్రంతా కిందే. పులుల భయం కన్నా గేటు భయం ఎక్కువ పెట్టుకోమని అమ్మగారికి చెప్పండి.

కరెంటు మేస్త్రీ:

సార్, మందుల బ్యాగు గారు ఎర్తింగ్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఇళ్లకి వైరింగ్ చేస్తాను. కార్లవాళ్లు ఇప్పుడిప్పుడే పిలుస్తున్నారు. కొన్ని మాటలు చెప్తాను.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం పెట్టొద్దు. మిక్సీ అయితే ఐదు నిమిషాలు తిరుగుతుంది, కారు ఆరేడు గంటలు ఆగకుండా లాగుతుంది. ప్లగ్గు టాపు కరిగి సాకెట్‌కి అతుక్కుపోయినవి నా సంచిలో ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను. మీటరు బోర్డు నుంచి నేరుగా కారు దగ్గరికి వేరే లైను లాగాలి. 4 ఎస్క్యూ ఎంఎం రాగి వైరు, లోడు ఎక్కువైతే పడిపోయే 20 ఆంప్స్ ఎంసీబీ, కరెంటు లీకైతే పడిపోయే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. మామూలు సాకెట్ కంటే నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ మంచిది, కాకపోతే కారు కేబుల్‌కి దానికి సరిపడే ప్లగ్గు ఉండాలి. లేకపోతే మంచి కంపెనీ 16 ఆంప్స్ సాకెట్ వేసి వాన తగలకుండా డబ్బా బిగించండి.

ఎర్తింగ్‌కి పాత పద్ధతిలో బొగ్గు, ఉప్పు వేస్తారు. రాయి నేలలో ఉప్పు రెండు మూడు ఏళ్లకే కడుక్కుపోతుంది. కొంచెం ఖర్చైనా కెమికల్ ఎర్తింగ్ చేయించండి, రాడ్డు చుట్టూ వేసే పొడి తేమని పట్టి ఉంచుతుంది. పని అయ్యాక మేస్త్రీ వెళ్లిపోయే ముందు న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టించి చూడండి. రెండు మూడు వోల్టులు ఉంటే పర్వాలేదు. పది, పదిహేను చూపిస్తే పని అవ్వనట్టే, డబ్బులు ఆపండి. నా తోటి మేస్త్రీలు తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

అద్దె ఇల్లు కాబట్టి మీ లైను మీద సబ్‌మీటరు పెట్టుకోండి. ఒకే మీటరు మీద ఇద్దరుంటే ఓనరు గారికి ప్రతి నెలా అనుమానమే. లోడు కూడా చూసుకోండి. పాత కనెక్షన్లు ఒకటి, రెండు కిలోవాట్లకే తీసుకుని ఉంటారు. కారు ఒక్కటే మూడు లాగుతుంది. కరెంటు ఆఫీసులో 5 కిలోవాట్లకి పెంచుకుంటే పీడా పోతుంది. ఎండాకాలం సాయంత్రం ఊళ్లో వోల్టేజీ పడిపోతుంది, రాత్రి 11 తర్వాత పెట్టుకోండి.

బస్టాండు లాడ్జి:

చదువుతుంటే ఒక ప్రశ్న వచ్చింది. అందరూ ఇంట్లోనే పెట్టుకోండి అంటే ఊళ్లో చార్జర్లు ఎప్పటికి వస్తాయి? నేను ఈ పని చేద్దామని చాలా రోజులు తిరిగినవాణ్ని. ఆర్టీసీ బస్టాండు దగ్గర మా బాబాయికి లాడ్జి ఉంది, ముందు ఖాళీ స్థలం ఉంది.

లైసెన్సు అక్కర్లేదు, ఆ సంగతి 2018లోనే కేంద్ర విద్యుత్ శాఖ తేల్చి చెప్పింది. ఎవరైనా పెట్టొచ్చు. 2022 మార్గదర్శకాల్లో హైవే మీద రెండు వైపులా 25 కిలోమీటర్లకి ఒకటి, నగరాల్లో మూడు కిలోమీటర్ల గడికి ఒకటి ఉండాలని రాశారు. మనలాంటి ఊళ్లు ఆ రెంటికీ మధ్య పడిపోయాయి. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జర్లకే 2,000 కోట్లు పెట్టారు. కానీ 60 కిలోవాట్లంటే పాతిక ఇళ్ల లోడు, ట్రాన్స్‌ఫార్మర్ వేరే పెట్టించుకోవాలి. ఆ ఖర్చూ చార్జర్ ఖర్చూ వేసుకుని, రోజుకి వచ్చే ఒకటి రెండు కార్లతో వడ్డీ కూడా రాదని మా బాబాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బంకువాళ్లనీ తప్పుపట్టలేం. చార్జర్ ఒకరిది, స్థలం ఇంకొకరిది, బాగుచేసే మనిషి విజయవాడ నుంచి రావాలి. పక్కనే నిలబడే కుర్రాడికి దాంట్లో రూపాయి రాదు, మరి ట్రాక్టర్‌ని ఎందుకు తీయిస్తాడు?

చివరికి చిన్న పని చేశాం. లాడ్జి గోడకి 16 ఆంప్స్ పాయింట్లు రెండు, ఒక్కోదానికి సబ్‌మీటరు. కార్ల కోసమని పెట్టాం గానీ వచ్చేది ఎక్కువగా ఎలక్ట్రిక్ ఆటోలు. వాటి బ్యాటరీ 7, 8 యూనిట్లే. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పెట్టి, అన్నం తిని, చెట్టు కింద కునుకు తీసేసరికి సాయంత్రం ట్రిప్పులకి సరిపడా ఎక్కుతుంది. వాళ్లకి ఇంటి దగ్గర కాంపౌండూ ఉండదు, ప్లగ్గూ ఉండదు. మన ఊళ్లో పబ్లిక్ చార్జింగ్ నిజంగా కావాల్సింది వాళ్లకి. కారున్న మాస్టారికి కాదు, ఏమనుకోకండి.

మందుల బ్యాగు:

లాడ్జి బ్రదర్, మీరు చెప్పింది కాదనను. అయితే లాడ్జి ముందు రెండు ప్లగ్గులున్నాయని ఏ యాప్‌లోనూ లేదు. నేను మార్కాపురం అన్నిసార్లు వచ్చినా నాకే తెలీదు. ప్లగ్‌షేర్‌లో పెట్టండి, ఫొటోతో, యూనిట్ రేటుతో. నేను డాక్టర్ల దగ్గర కూర్చునే రెండు మూడు గంటలు కారు అక్కడే పెడతాను. మాస్టారూ, మీ ఓనరు గారు ఒప్పుకోకపోతే ఇదిగో మీకు రెండో దారి దొరికింది.

ఇంకొకటి మర్చిపోయాను. సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించి చూడండి. ఆ కారు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది, మీ పేరు మీదకి మారుతుందో లేదో డబ్బులిచ్చే ముందే అడిగి కాగితం తీసుకోండి. కారుతో వచ్చిన చార్జింగ్ కేబుల్ ఉందో లేదో కూడా చూడండి. అమ్మేవాళ్లు అది ఇవ్వడం "మర్చిపోతారు", విడిగా కొనాలంటే బాగానే పడుతుంది.

పలకల ఊరి మాస్టారు:

అందరికీ చాలా థాంక్స్. బంకుకి మళ్లీ వెళ్లాను. ఎర్ర బటన్ నొక్కే ఉంది! తిప్పాను, బయటికి వచ్చింది, స్క్రీన్ మీద ఏవేవో అక్షరాలు వచ్చి ఆగింది. పెట్టి చూడటానికి నా దగ్గర కారు లేదు కాబట్టి పనిచేస్తోందో లేదో చెప్పలేను. మందుల బ్యాగు గారూ, మీరు ఇటు వచ్చినప్పుడు ఒకసారి గన్ను పెట్టి చూసి ఇక్కడే రాయండి.

ఓనరు గారితోనూ మాట్లాడాను. సబ్‌మీటరు అనగానే ఒప్పుకున్నారు, అసలు ఆయనకి బిల్లు మీదే అనుమానమట. లోడు పెంచే ఖర్చు చెరి సగం అన్నారు. గుంత మాత్రం జామచెట్టు దగ్గర తవ్వొద్దంటున్నారు, మిగతా కాంపౌండంతా సిమెంటు చేసి ఉంది. మేస్త్రీ గారూ, మెట్ల కింద మూరెడు మట్టి చోటుంది, మీటరు బోర్డు కూడా అటువైపే. అక్కడ సరిపోతుందా?

కరెంటు మేస్త్రీ:

సరిపోతుంది సార్. రాడ్డుకి అడుగు వెడల్పు గుంత చాలు, లోతే ముఖ్యం. గోడ పునాదికి వీలైనంత ఎడంగా తవ్వించండి. మీదికి మూత పెట్టించి, నీళ్లు పోయడానికి చిన్న పైపు వదలమనండి. మెట్ల కింద వాన పడదు కాబట్టి ఎండాకాలం వారానికోసారి మీరే పోసుకోవాలి.